ఏది మానాలో ఎరిగిన మనిషి - పొణకా కనకమ్మగారు

(ఆత్మకూరు విలేకరి)

నెల్లూరులోని కస్తూరిదేవి విద్యాలయం పేరు విననివారు జిల్లాలో అరుదు. ఆ బడిని స్థాపించిన పొణకా కనకమ్మగారి పేరు మాత్రం ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట గ్రామాల్లో పెద్దలు చెబితే తప్ప పిల్లలకు తెలియడం లేదు. ఆమె కవయిత్రి. స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్లారు. ఆస్తిని దేశానికీ, ఆడపిల్లల చదువుకూ ఖర్చు పెట్టారు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న సంగతులే. ఆమె జీవితం నుంచి పల్లె ప్రజలు నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. పది మంది కలిసి ఒక సరుకును కొనబోమని పట్టుబట్టేటప్పుడు ఏ సరుకును ఎంచుకోవాలి, దేనిని వదిలిపెట్టాలి అన్నదే ఆ సంగతి.

ఈ రోజుల్లో ఫలానా కంపెనీ సరుకు కొనవద్దు, ఫలానా దేశం వస్తువు ముట్టవద్దు అంటూ సెల్‌ఫోన్లలో బారెడు జాబితాలు వస్తున్నాయి. నాలుగు రోజులు గడిచేసరికి వాటి ఊసు ఎత్తేవారుండరు. నూరేళ్ల క్రితం మన జిల్లాలో జరిగిన బహిష్కరణలు అలా పోలేదు. ఎందుకు పోలేదో కనకమ్మగారి కథ చూస్తే బోధపడుతుంది.

పుట్టుక, చదువు

కనకమ్మగారు 1892 జూన్ 10న మినగల్లు గ్రామంలో మరుపూరు వారింట పుట్టారు. తండ్రి కొండారెడ్డిగారు. కలిగిన కుటుంబం. ఆ కాలపు ఆచారం ప్రకారం పదేళ్లయినా నిండకముందే మేనమామ పొణకా సుబ్బరామిరెడ్డిగారితో పెళ్లి జరిగింది. అత్తవారి ఊరు పొట్లపూడి. ఆడపిల్లను బడికి పంపే రోజులు కావు. అయినా ఆమె ఇంట్లోనే పట్టుదలతో చదువుకున్నారు. తెలుగులో పద్యాలు రాసే స్థాయికి చేరారు. తాను చదువుకున్నది నలుగురికీ అందాలని పొట్లపూడిలో గ్రంథాలయం నడిపించారు. ఘోషా మాటున ఉండవలసిన ఇంటి కోడలు ఊరికి పుస్తకాలు పంచడం అప్పట్లో చిన్న సంగతి కాదు.

వందేమాతరం రోజులు

ఆమెకు 13 ఏళ్ల వయసులో, 1905లో, ఇంగ్లీషు ప్రభుత్వం బెంగాలు రాష్ట్రాన్ని రెండుగా చీల్చింది. దానికి నిరసనగా అక్కడి ప్రజలు విదేశీ గుడ్డలు, విదేశీ ఉప్పు, విదేశీ చక్కెర కొనబోమన్నారు. సర్కారు బడులు కూడా మానాలన్నారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించడంతో ఆ వేడి మనవైపు పాకింది. కనకమ్మగారు దేశం గురించి ఆలోచించడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. మొదట్లో ఆమె మనసు అతివాదుల వైపు మొగ్గింది.

బెంగాలు పోరాటం వృథా పోలేదు. 1911లో విభజన రద్దయింది. అయితే అందులో ఒక లోపం బయటపడింది. విదేశీ గుడ్డ చవక, స్వదేశీ గుడ్డ ప్రియం. కలిగినవాడు ఖరీదు పెట్టి స్వదేశీ కొన్నాడు. పేద రైతుకు అది భారమైంది. దానికి బదులు ఏమి కట్టుకోవాలో చూపించకుండా, ఉన్నది మానమంటే ఎంతకాలం మానగలడు? చాలాచోట్ల పేదలకు, ఉద్యమకారులకు మధ్య మనస్పర్థలు వచ్చింది ఇక్కడే. తరువాతి కాలంలో గాంధీగారు బహిష్కరణతో పాటు రాట్నాన్ని ముందుకు తేవడానికి ఈ అనుభవం ఒక కారణం.

పల్లిపాడులో ఆశ్రమం

గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఏడాదిలోనే, 1915 మే నెలలో, నెల్లూరులో జరిగిన మద్రాసు రాష్ట్ర రాజకీయ మహాసభకు వచ్చారు. ఆ తరువాత ఆయన బాటలో నడిచినవారిలో దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు ఉన్నారు. సబర్మతిలో ఉన్నటువంటి ఆశ్రమం మన పెన్న ఒడ్డున కూడా ఉండాలని వారు సంకల్పించారు. అందుకు పల్లిపాడులో స్థలం సమకూర్చింది కనకమ్మగారు. దక్షిణాఫ్రికాలో గాంధీగారి సహచరుడైన పారశీ రుస్తుంజీ భవనానికి డబ్బిచ్చారు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారే వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు.

ఆ తేదీకి వారం ముందే బెజవాడలో కాంగ్రెసు సభ జరిగింది. తిలక్ నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని అక్కడ తీర్మానించారు. రాట్నాల లెక్కను నిధితో, సభ్యత్వంతో సమానంగా పెట్టడం గమనించవలసిన విషయం. విదేశీ గుడ్డ మానమని చెప్పే ముందు, ఊరూరా నూలు వడికే ఏర్పాటు జరగాలన్నది వారి ఉద్దేశం. పల్లిపాడు ఆశ్రమంలో కూడా ఆ పనే ముఖ్యమైంది. కనకమ్మగారు ఖద్దరు కట్టి, ఖద్దరు ప్రచారం చేశారు.

నిలిచినవి, నిలవనివి

సహాయ నిరాకరణ రోజుల్లో మానమన్నవి చాలానే ఉన్నాయి. బిరుదులు మానాలి. సర్కారు బడులు మానాలి. కోర్టులు మానాలి. శాసనసభలు మానాలి. విదేశీ గుడ్డ మానాలి. కొద్ది కాలానికి కల్లు, సారాయి దుకాణాల దగ్గర కూడా పికెటింగ్ మొదలైంది. వీటిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది తీరిగ్గా చూడవలసిన విషయం.

బడులు మానిన పిల్లలు చాలామంది ఏడాది తిరక్కుండా మళ్లీ చేరారు. జాతీయ పాఠశాలలు పెట్టినచోట కొంత నిలిచింది, పెట్టనిచోట పిల్లవాడి చదువు చెడింది. వకీళ్లలో కొందరు మహానుభావులు కోర్టులు వదిలేశారు కానీ ఎక్కువమంది వదలలేదు. అది వారి కూడు. వ్యాజ్యం ఉన్న రైతుకు వేరే దారీ లేదు. బిరుదులు వదిలినవారు కొద్దిమందే. గుడ్డ, సారాయిల సంగతి అలా కాదు. అవి ఇంటింటా ఖర్చయ్యే సరుకులు. కూలివాడి దగ్గర నుంచి షావుకారు దాకా ప్రతివాడూ ఆ పనిలో పాలు పంచుకోవచ్చు. మానితే ఎవరి కూడూ పోదు. ఎదుటివాడి రాబడి మాత్రం పోతుంది.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీగారు ఉద్యమాన్ని ఆపివేశారు. చాలామంది నీరుగారిపోయారు. కనకమ్మగారు మాత్రం ఆడపిల్లల కోసం బడి పెట్టే పనిలో పడ్డారు. 1923లో కస్తూరిబాయి పేరు మీద కస్తూరిదేవి విద్యాలయం మొదలైంది. సర్కారు బడి వద్దన్నవారు తమ బడి చూపించాలన్న మాటకు ఇంతకంటే మంచి జవాబు లేదు. 1929లో గాంధీగారు ఖద్దరు నిధికి ఆంధ్రలో తిరిగినప్పుడు విద్యాలయం భవనానికి శంకుస్థాపన చేశారు. వందేళ్ల నాటి ఆ ఉద్యమంలోని బహిష్కరణ సభలు మరుగున పడ్డాయి, బడి మిగిలింది.

ఉప్పు, గుడ్డ, సారాయి

1930 వచ్చేసరికి జాబితా చిన్నదైంది. ఉప్పు, విదేశీ గుడ్డ, మత్తు పానీయాలు - ముఖ్యంగా ఈ మూడింటి మీదే గురి. గాంధీగారు మార్చి 12న సబర్మతిలో బయలుదేరి, ఏప్రిల్ 6న దండి సముద్రతీరంలో ఉప్పు తీశారు. మన జిల్లాలో మైపాడు తీరం ఉప్పు సత్యాగ్రహానికి కేంద్రమైంది.

ఉప్పును ఎంచుకున్నప్పుడు చాలామంది పెద్ద నాయకులే పెదవి విరిచారు. ఇంత పెద్ద సామ్రాజ్యాన్ని చిటికెడు ఉప్పుతో కొట్టడమేమిటని అనుకున్నారు. గాంధీగారి లెక్క వేరు. ఉప్పు లేని ఇల్లు లేదు. గంజి తాగే కూలివాడు, పంచభక్ష్యాలు తినే జమీందారు ఇద్దరూ ఉప్పు పన్ను కడుతున్నారు. సముద్రం ఒడ్డున ఊరికే దొరికే వస్తువును తీస్తే నేరమంటున్నారు. ఇందులోని అన్యాయాన్ని ఎవరికీ ఉపన్యాసం ఇచ్చి చెప్పనక్కరలేదు. హిందువు, ముస్లిం, అగ్ర కులం, హరిజనవాడ అన్న తేడా లేకుండా అందరికీ తగిలే పన్ను అది.

అయితే ఉప్పు వండటం తీరం ఊళ్లవారికి చేతనైన పని. మైపాడు నుంచి ఉదయగిరి దుర్గం ఎంత దూరమో మనకు తెలుసు. సముద్రం మొహం చూడని మెట్ట పల్లెలో ఉప్పు ఎక్కడ వండుతారు? అలాంటి ప్రాంతాలకు గుడ్డ, సారాయి మిగిలాయి. దేశంలో అడవులున్న చోట్ల అడవి చట్టాలను ఉల్లంఘించే సత్యాగ్రహాలు జరిగాయి. ఒకే గురిని అన్ని ఊళ్లకూ అంటగట్టకపోవడం ఆ ఉద్యమంలోని తెలివి. తీరానికి తీరం పని, మెట్టకు మెట్ట పని.

విదేశీ గుడ్డల విషయంలో ఇంకొక జాగ్రత్త తీసుకున్నారు. వర్తకుడు మనవాడే. అతడి కొట్లో ఉన్న సరుకుకు అప్పటికే డబ్బు కట్టి ఉన్నాడు. అతడిని దివాలా తీయించడం వల్ల లంకాషైరు మిల్లుకు పోయేదేమీ లేదు. అందుకని అనేక పట్టణాల్లో వర్తకుల చేత కొత్తగా సరుకు తెప్పించబోమని మాట తీసుకుని, ఉన్న మూటలకు కాంగ్రెసు వారు సీలు వేశారు. గురి కొట్టు మీద కాదు, కొట్టుకు సరుకు పంపే చెయ్యి మీద. 1929తో పోలిస్తే 1930, 1931 సంవత్సరాల్లో విదేశీ గుడ్డల దిగుమతి సగానికి పైగా పడిపోయింది. అప్పుడు ప్రపంచమంతటా వచ్చిన ఆర్థిక మాంద్యం కూడా దానికి ఒక కారణమని ఒప్పుకోవాలి. అయినా బహిష్కరణ దెబ్బ గట్టిగానే తగిలింది.

దెబ్బ తిన్న లంకాషైరులో మిల్లు కూలీలు పని లేక కష్టపడ్డారు. 1931 సెప్టెంబరులో గాంధీగారు ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆ కూలీల మధ్యకే పోయి మాట్లాడారు. వాళ్లు ఆయనను ఆదరంగా చూశారు. తన పోరాటం వారి మీద కాదని వారికి నచ్చజెప్పగలిగారు. బహిష్కరణ వల్ల నష్టపడే పేదవాడి ముందు నిలబడి కారణం చెప్పగలిగితేనే ఆ గురి సరైనదని దీనివల్ల తెలుస్తుంది.

ఆడవారి పికెటింగ్

గుడ్డల కొట్లు, సారాయి దుకాణాల ముందు నిలబడే పనిని గాంధీగారు ప్రత్యేకంగా ఆడవారికి అప్పగించారు. దానికి కారణం ఉంది. గుడ్డ కొనేటప్పుడు ఇంట్లో ఆడవారి మాట చెల్లుతుంది. వాళ్లు వద్దనుకుంటే ఆ గుడ్డ ఇంట్లోకి రాదు. సారాయి విషయం అలా కాదు. తాగేది మగవాడు, ఆకలికి మాడేది ఆడది, పిల్లలు. తాను కొనని సరుకును తాను మానడమంటూ ఉండదు. అందుకే సారాయి విషయంలో మాన్పించవలసినది దుకాణాన్ని. దుకాణం ముందు ఆడవారు నిలబడితే సిగ్గుతో వెనుదిరిగే మగవారు కొందరైనా ఉంటారు. పైగా ఆబ్కారీ రాబడి సర్కారుకు పెద్ద ఆదాయం. దుకాణం పాట తగ్గితే సర్కారు ఖజానాకే చిల్లు.

జిల్లాలో ఈ పోరాటానికి ముందు నిలిచిన ఆడవారిలో కనకమ్మగారు ఒకరు. ఆమె అరెస్టయి రాయవేలూరు ఆడవారి జైలులో శిక్ష అనుభవించారు. పెద్దింటి బిడ్డ, పెద్దింటి కోడలు జైలు కూడు తినడం చూసి, ఇంటి గడప దాటని ఎందరో ఆడవారు ధైర్యం తెచ్చుకున్నారు.

1931 మార్చి 5న గాంధీగారికి, వైస్రాయి ఇర్విన్‌కు ఒడంబడిక జరిగింది. శాంతియుతంగా పికెటింగ్ చేసుకోవచ్చని సర్కారు ఒప్పుకున్నది. తీరం ఊళ్లవారు తమ వాడకానికి ఉప్పు తీసుకోవచ్చన్నారు. ఇంగ్లీషు సరుకుల బహిష్కరణను రాజకీయ ఆయుధంగా వాడటం మాత్రం కాంగ్రెసు మానుకోవలసి వచ్చింది. మూడు గురుల్లో దేనికి ఎంత ఫలం దక్కిందో ఈ ఒడంబడికే చెబుతుంది.

ఆ రోజుల్లోనే, 1930లో, నెల్లూరు వెంకట్రామానాయుడుగారు జమీన్ రైతు పత్రికను స్థాపించారు. జమీందారీ రైతుల గోడు వినిపించిన ఆ పత్రికకు కనకమ్మగారు అండగా నిలిచారు. పది ఊళ్లు ఒకే మాట మీద ఉండాలంటే ఒక ఊరి కబురు ఇంకొక ఊరికి చేరాలి. ఆ పని పత్రిక చేసింది.

చివరి రోజులు

కనకమ్మగారి ఇంటి జీవితం సుఖంగా సాగలేదు. ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే కన్నుమూసింది. ఆ దుఃఖంలో ఆమె తిరువణ్ణామలైలోని రమణ మహర్షి సన్నిధిని ఆశ్రయించారు. ఆస్తి చాలావరకు సేవలోనే కరిగిపోయింది. చివరిదాకా ఆమె మనసు విద్యాలయం మీదే ఉంది. 1963 సెప్టెంబరు 15న ఆమె కన్నుమూశారు. ఆమె రాసుకున్న స్వీయచరిత్ర, కనకపుష్యరాగం, దాదాపు 50 ఏళ్ల తరువాత 2011లో అచ్చయింది.

దూబగుంటలో మళ్లీ అదే బాట

కనకమ్మగారు పోయిన 30 ఏళ్లకు మన మెట్టలోనే అదే బాట మళ్లీ తెరుచుకుంది. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంట పేరు దేశమంతా మోగింది. 1991లో జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం మొదలైంది. రాత్రి బడుల్లో ఆడవారు చదువుకున్న వాచకంలో, సారాయి దుకాణం మూయించిన సీతమ్మ కథ ఉంది. ఆ కథను దూబగుంట ఆడవారు నిజం చేశారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నడిచారు. ఊళ్లో సారాయి దుకాణం మూతపడింది. చుట్టుపక్కల ఊళ్లు అందుకున్నాయి.

ఇక్కడ కూడా గురి మెట్లు మెట్లుగా పైకి పోయింది. మొదట ఇంట్లో మగవాడిని బతిమాలారు. అది పని చేయలేదు. తరువాత ఊరి దుకాణం మీద పడ్డారు. ఒక ఊళ్లో మూస్తే తాగేవాడు పక్క ఊరికి పోయాడు. అందుకని ఊళ్లన్నీ కలిశాయి. చివరికి అసలు వేరు ఎక్కడుందో చూశారు. దుకాణాలకు ప్రాణం సర్కారు నడిపే వేలం పాటలో ఉంది. పాట పాడే కంట్రాక్టరు లేకపోతే దుకాణమే లేదు. 1992లో వేల మంది ఆడవారు నెల్లూరుకు తరలివెళ్లి వేలం పాటలను అడ్డుకున్నారు. పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి జిల్లాలో సారాయి నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం అమలైంది. సారాయి మాత్రమే గురిగా మొదలైన పోరాటం అంత దూరం పోయింది.

1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేశారు. ఖజానాకు రాబడి కావాలన్నది అప్పటి కారణం. మద్యం రాబడికి బదులు ఇంకొక రాబడి చూపకపోతే ఏ సర్కారూ నిషేధం మీద నిలవడం కష్టం. రాజాజీ 1937లో సేలం జిల్లాలో మద్య నిషేధం పెట్టి, పోయిన రాబడి పూడ్చడానికి 1939లో మద్రాసు రాష్ట్రంలో అమ్మకం పన్ను తెచ్చిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బెంగాలులో గుడ్డకు బదులు గుడ్డ చూపకపోవడం ఎంత లోపమో, ఇక్కడ రాబడికి బదులు రాబడి చూపకపోవడం అంత లోపం.

మన ఊళ్లకు పనికి వచ్చే మాట

ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు ఒక్క రోజులో పట్టలేదు. 1514లో కోట చేజిక్కేసరికి ముట్టడి ఏడాదిన్నర సాగింది. కొండ ఎక్కే దారులు ఎక్కడున్నాయో వెతికి, బండలు పగలగొట్టి బాట వేసుకుని మరీ పట్టుకున్నారని చెబుతారు. బహిష్కరణ కూడా కోట ముట్టడి వంటిదే. గోడ చుట్టూ కేకలు వేస్తే కోట పడదు.

ఏ ఊరైనా ఒక సరుకును మానదలిస్తే రచ్చబండ దగ్గర కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మానవలసింది కొనేది మనమేనా, వేరొకరా? మానితే దానికి బదులు ఏమి ఉంది, పేదవాడికి అది అందుతుందా? దెబ్బ తగిలేది అన్యాయం చేసినవాడికా, నడుమనున్న చిల్లర కొట్టువాడికా? మానడం వల్ల ఎదుటివాడు ఏమి చేయాలని అడుగుతున్నాం, అది అతడి చేతిలో ఉందా? వీటికి జవాబు ఉంటే ఒక్క సరుకు చాలు. జవాబు లేకపోతే నూరు సరుకుల జాబితా రాసినా పని జరగదు.

ఇంకొక్కటి. కొనబోమనడం వేరు, కొన్నవాడిని వెలివేయడం వేరు. కొన్నవాడికి మంగలిని, చాకలిని, నీటిని కట్టడి చేసే పని గాంధీగారు ఎన్నడూ ఒప్పుకోలేదు. సాటి మనిషిని ఊరి బావి దగ్గరకు రానీయకుండా చేయడం మన పల్లెల్లో పాత జాడ్యం. దానికి బహిష్కరణ అన్న పేరు పెట్టి మళ్లీ తేకూడదు.

పల్లిపాడు ఆశ్రమం పెన్న ఒడ్డున ఇప్పటికీ ఉంది. ఆత్మకూరు, ఉదయగిరి, కలిగిరి, వింజమూరు బడుల పిల్లలను ఏడాదికి ఒకసారైనా అక్కడికి తీసుకువెళ్లి, కనకమ్మగారి కథ చెప్పించాలి. అలాగే మండల గ్రంథాలయాల్లో ఆమె స్వీయచరిత్ర ఒక్కొక్క ప్రతి అయినా ఉంచాలి. ఊరికి గ్రంథాలయం పెట్టిన ఇల్లాలి పుస్తకం మన ఊరి గ్రంథాలయంలో లేకపోవడం బాగుండదు. ఈ పని చేయడానికి పెద్ద ఖర్చు కూడా అక్కరలేదు.